పులుపు చెప్పే ఇల్లు

మా ముత్తాతగారి తండ్రిగారు గోదావరి రేవు వేలంపాటలో పాడుకున్నవారు. ఆయన పడవలు కదలందే ఈ లంకల నుంచి ఒక్క కొబ్బరికాయ అవతలి ఒడ్డు చేరేది కాదు. మా ముత్తాతగారు మునసబు. ఆయన అరుగు మీద కూర్చున్నారంటే ఊళ్ళో తగాదా అక్కడే తెగిపోయేది, అమలాపురం కోర్టు దాకా వెళ్ళేది కాదు. మా తాతగారు మద్రాసు వెళ్ళి లా చదివి వచ్చారు. ప్లీడరీ మాత్రం చెయ్యలేదు. ఇంకొకరి ముందు నిలబడి చేతులు కట్టుకోవలసిన పని మా ఇంటికి తగదన్నారు. మా నాన్నగారూ, చిన్నాన్నగారూ ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలని చూశారు. అది ఎంతవరకు సాగిందో ఊరికి తెలుసు. నేను చెప్పనక్కర్లేదు.

అన్నీ పోయినా ఒక మర్యాద మాకు మిగిలింది. ఏటా ఎండాకాలం ఊరికి పులుపు చెప్పేది మా ఇల్లే.

ఈ పద్ధతి మా ఊరి బయట ఎవరికీ తెలియదు కనుక కాస్త వివరిస్తాను. ముక్తేశ్వరం దాటాక, కాలవ వెంబడి మా తోట ఉండేది. చుట్టూ కొబ్బరి, నడుమ ఒకే ఒక మామిడి. కాయ గుండ్రం, పీచు ఎక్కువ, పండితే ఎవరూ ముట్టరు. ఆవకాయకి మాత్రం అటువంటి కాయ ఇంకొకటి లేదు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ మా ఇంటి నుంచి వెళ్ళిన కాయల టెంకలే మొలిచి, ఊళ్ళో ప్రతి దొడ్లోనూ చెట్లయ్యాయి. ఆ పిల్లలన్నిటికీ ఇది తల్లి. తల్లికాయ పులుపు నిండిందంటే పిల్లకాయల పులుపు కూడా నిండినట్టేనని ఊరి నమ్మకం. అందుకని వైశాఖం వచ్చాక ఒక పొద్దున ఇంటికొకరు చొప్పున మా వాకిట్లోకి వచ్చేవారు. ఇంటి పెద్ద పీట మీద కూర్చుని, తల్లికాయ కోయించి, ఉప్పు కారం లేకుండా ఒక బద్ద నమిలి, "కానివ్వండి" అంటే ఆ రోజే ఊరంతా కత్తిపీటలు తీసేది. "ఆగండి" అంటే ఆగేది. తొందరపడితే వగరు వదలదు, ఆలస్యమైతే దసరాకి ముక్క మెత్తబడిపోతుంది. నడుమ ఉన్న ఆ నాలుగు రోజుల్ని పట్టుకోవడమే పులుపు చెప్పడం.

మా ముత్తాతగారు చెప్పారు, తాతగారు చెప్పారు, నాన్నగారు చెప్పారు. నాన్నగారు పోయాక చిన్నాన్నగారు చెబుతున్నారు. ఆయన సంసారం పెట్టుకోలేదు. నేను అమలాపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై వచ్చాక ఇంట్లో మేమిద్దరమే. జుట్టు నెరిసినా ఊరికి నేను ఇంకా అమ్మాయిగారినే, ఆయన బాబుగారే.

మొన్నటి వైశాఖానికి ముందే తోట బేరం కుదిరింది. ఎందుకు అమ్మవలసి వచ్చిందో పైకి చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ముమ్మిడివరం నుంచి వచ్చిన ఒకాయన రొయ్యల చెరువు తవ్వడానికి అడిగారు. వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. చిన్నాన్నగారు అన్నిటికీ ఒప్పుకుని ఒకే షరతు పెట్టారు.

"పులుపు చెప్పేక సంతకం పెడతానండి. అంతవరకు చెట్టు మీద చెయ్యి పడకూడదు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు అతను. అదెంత పనిలే అనుకుని ఉంటాడు.

అదెంత పనో నాకు ఒక్కదానికే తెలుసుననుకున్నాను. శీతాకాలంలో చిన్నాన్నగారికి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన తర్వాత ఒక రోజు నేను చూసుకోకుండా పులిసిపోయిన మజ్జిగ పోశాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు. చింతపండు ఒక పిసరు ఎక్కువైతే చారు గిన్నె వెనక్కి పంపించే మనిషి. మర్నాడు కావాలని చింతపండు వెయ్యకుండా చారు కాచాను. "ఇవాళ చారు కుదిరిందమ్మడూ," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం వైపు చూడలేదు. అప్పుడు తెలిసింది, ఆయన నాలిక మీద రుచి లేదని, ఆ సంగతి ఆయనకి తెలుసునని, నాకు తెలియకూడదని ఆయన అనుకుంటున్నారని. పెద్దవాళ్ళ లోటు ఎత్తి చూపే అలవాటు మా ఇంట్లో లేదు. నేను మజ్జిగ మాత్రం జాగ్రత్తగా పోస్తూ ఊరుకున్నాను.

కానీ ఎండలు ముదిరినకొద్దీ నాకు ఒకటే దిగులు. చెట్టుకి ఇదే ఆఖరి కాపు. ఆయన నోట వచ్చే మాట కూడా ఇదే ఆఖరిది. ఇన్ని తరాలు నిజం చెప్పిన ఇల్లు చివరిసారి గుడ్డిగా ఏదో ఒకటి అనేసి ఊరుకుంటుందా?

పులుపు పొద్దు వచ్చింది. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టించాను. అందరూ వచ్చి కొబ్బరి నీడన నిలబడ్డారు. పీట మీద చిన్నాన్నగారు ఉతికిన పంచె కట్టుకుని, వెన్ను వాల్చకుండా కూర్చున్నారు. కాయ కోసి బద్ద ఆయన చేతికిచ్చి, రెండో బద్ద పట్టుకుని మెల్లగా అడిగాను.

"నేను కూడా ఓ ముక్క చూడనా చిన్నాన్నగారూ?"

"ఈ ఇంట్లో పులుపు చెప్పడానికి రెండు నోళ్ళు ఎప్పుడూ లేవమ్మా," అన్నారు.

ఆయన నమిలారు. చాలాసేపు నమిలారు. కాకి అరిచి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళలో, చీకటి గదిలో చేత్తో తడుముకుంటున్న మనిషి కనబడ్డాడు. మింగి, "ఆగండి," అన్నారు.

"ఆయ్," అని అందరూ తలలూపి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి పోయి మిగిలిన బద్ద కొరికాను. వగరు పూర్తిగా పోయింది. ఒళ్ళు జలదరించింది. కాయ తయారై కూర్చుంది.

మర్నాడూ వచ్చారు. చిన్నాన్నగారు ఆగమన్నారు. ఆ మర్నాడూ అంతే. గాలి ఆడని ఆ పొద్దుల్లో ఊరు కలలో ఆగిపోయినట్టుండేది. ప్రతి ఇంట్లోనూ జాడీలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆవపిండి కొట్టి మూటలు కట్టుకున్నారు, పప్పునూనె తెచ్చుకున్నారు. వీధిలోకి వస్తే ఆవఘాటు ముక్కుకి తగిలేది కానీ కాయ కోసిన వాసన ఎక్కడా లేదు. చెట్ల మీద కాయలు బరువుగా, కదలకుండా వేలాడేవి. మధ్యాహ్నాలు నేను అరుగు మీద పడుకుని కళ్ళు మూసుకుంటే ఆకుపచ్చ వెలుగు రెప్పల లోపలికి కూడా వచ్చేది. ఒక్క గాలివాన వస్తే అన్నీ నేలమీదే. ఆకాశం మాత్రం ఆ రోజుల్లో తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉండేది.

తోట కొంటున్నతను కూడా రోజూ వచ్చి వెనకాల నిలబడేవాడు. వానలు పడకముందే తవ్వకం అవ్వాలి కదా. ఒక రోజు జేబులోంచి చిన్న డబ్బా తీశాడు.

"బాబుగారూ, ఏమీ అనుకోకండి. ఇది మా చెరువుల దగ్గర వాడే కాగితమండి. నీళ్ళలో ముంచితే రంగు మారుద్దండి. రంగుని బట్టి నీళ్ళు పులుపా కాదా తెలిసిపోద్ది. కాయ రసంలో ముంచి చూద్దామాండి?"

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నాన్నగారు ఆ కాగితం ముక్కని తీసుకుని, ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"బానే ఉందండి. ఆవకాయ కూడా ఈ కాగితమే తింటుందా?"

అందరూ గొల్లున నవ్వారు. అతను కూడా నవ్వి డబ్బా జేబులో పెట్టుకున్నాడు. ఆ నవ్వులో చిన్నాన్నగారు లేరు. "ఆగండి," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి భార్య కనబడింది. ఆవిడా నేనూ ఒకే ఈడువాళ్ళం. చిన్నప్పుడు మా తోటలో రాలిన పిందెలకి కొట్టుకునేవాళ్ళం.

"అమ్మాయిగారూ, మెడ అంత నిటారుగా పెట్టుకు నడిస్తే కొమ్మలు తగుల్తాయండి. కాస్త కిందకి చూడండి," అంది.

"కిందకి చూస్తే నువ్వు కనబడతావని చూడటం లేదు."

"అబ్బో! మీ నాయనమ్మగారి నోరు ఎక్కడికీ పోలేదండి." నవ్వి, గడ్డిమోపు దించి నా పక్కనే కూర్చుంది. "మా దొడ్లో ఎండ తగిలే కొమ్మకి కాయ మెత్తబడతందండి. ఇంకో రెండు మూడు రోజులు చూడొచ్చేమో."

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. "మీరు కోసుకోండి. ఆయన కోసం ఆగకండి," అన్నాను.

"అలా ఎలాగండి? ఆయనగారు ఆగమన్నారు కదండీ."

"ఆయనకి..." అని ఆగిపోయాను. మా ఇంటి మాట నా నోటితో బయట పెట్టడం నాకు చేతకాలేదు.

ఆవిడే అందుకుంది. "రుచి పోయిందండి. మాకు తెలుసండి. శివరాత్రప్పుడే తెలుసండి. చింతపండు లేని చారు బాగుందన్నారంట కదండీ, మీ ఇంట్లో గిన్నెలు తోమే పిల్ల చెప్పింది. ఊరందరికీ తెలుసండి."

"తెలిసీ ఎందుకు ఆగారు?"

ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఆయనగారు ఆగమన్నారు కదండీ," అని మళ్ళీ అదే అంది. మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. నీళ్ళ మీద గుర్రపుడెక్క తేలుకుంటూ పోతోంది. ఊరంతా తమ ఏడాది పచ్చడిని ఒక ముసలాయన మాట కోసం ఎండలో నిలబెట్టింది. ఆయన నోరు వాళ్ళకి పనికిరాదని తెలిసే నిలబెట్టింది. ఆయన రేపు ఊరికే "కానివ్వండి" అన్నా వాళ్ళు ఆయ్ అనేవారే. ఆ సంగతి ఆయనకి తెలిస్తే ఏమవుతారో అని భయం వేసింది. తెలియకపోతే ఇంకా ఘోరం అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన తోటలో, మామిడిచెట్టు కింద నులకమంచం మీద పడుకుని ఉన్నారు. ఎండ వాలిపోతోంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన కొమ్మల్లోకి చూస్తూ అడిగారు.

"అమ్మడూ, ఈ చెట్టు కింద మా నాన్నగారు ఏదో లాటిన్ మాట అనేవారు. అందులో సూది కూడా ఉండేది. ఏమిటది?"

ఆ మాట వినగానే నేను చిన్నదాన్నైపోయాను. అదే చెట్టు, అదే మంచం. తాతగారు మద్రాసులో ఉన్నప్పుడు లా కోసం లాటిన్ నేర్చుకుని, తర్వాత ఇష్టం కొద్దీ చదువుకున్నారు. ప్లీడరీ చెయ్యని మనిషికి ఆ లాటిన్ అంతా మామిడికాయల దగ్గరే ఖర్చయింది. నాకు పిందె కోసిచ్చి, నా మొహం ముడుచుకుపోతుంటే చూసి మురిసిపోయేవారు. "ఇదీ అసెర్బస్ అంటే," అనేవారు. పండని కాయలో ఉండే పులుపు అది. నోరు పట్టేసి, నాలిక గరుకెక్కించే వగరు పులుపు. రోము వాళ్ళు దానికి వేరే మాట పెట్టుకున్నారట. వగరు వదిలాక వచ్చే తేట పులుపుని ఆసిడస్ అన్నారట. ద్రాక్షసారా గాలి తగిలి పులిస్తే దానికి ఇంకో పేరు. ఈ మాటలన్నీ ఒకే ఇంటివని, ఆ ఇంటి అసలు అర్థం పులుపు కాదని, మొన అనీ అంచు అనీ చెప్పేవారు. కత్తి పదును, సూదికి వాళ్ళు పెట్టిన పేరు, అన్నీ ఆ చుట్టరికమేనట. నాకప్పుడు ఏమీ అర్థమయ్యేది కాదు. ఆయన గొంతూ, ఆకుల చప్పుడూ, పిందె జీడి వాసనా కలిసిపోయి నిద్ర వచ్చేది.

ఒకసారి నాయనమ్మగారు తోటలోకి వచ్చి, చీకటి పడుతోంది, పిల్లని తీసుకుని లేవండని గదమాయించారు. తాతగారు లేస్తూ, "వచ్చింది అసెర్బస్," అన్నారు. దాని అర్థమేమిటో చెప్పేదాకా ఆవిడ వదల్లేదు. పచ్చికాయ పులుపు అన్నారు ఆయన. మనుషుల నోటికి కూడా ఆ మాటే వాడతారన్నారు. "అయితే ఇంకేం, ఊరేసి జాడీలో పెట్టుకోండి. ఏడాదంతా నిలవుంటాను," అని ఆవిడ చక్కా పోయారు.

ఈ ముచ్చట చిన్నాన్నగారికి చెబితే ఆయన పొట్ట కదిలేలా నవ్వారు. తర్వాత తాతగారి మాట వివరంగా చెప్పాను. కాలేజీలో అసెర్బిక్ అన్న ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా పిల్లలకి చెప్పిందే. మాటకారి వ్యంగ్యం గురించి వాడే మాట అది. దాని అడుగున ఉన్నది మాత్రం పచ్చి మామిడిపిందె లాంటిదేనని చెబితే పిల్లలు నమ్మేవారు కాదు.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. "అంటే వాళ్ళకి పులుపు రుచి కాదన్నమాట. పోటు."

"మాట పుట్టినప్పుడు పోటేనండి. రుచి దాని మీద తర్వాత కూర్చుంది."

ఆయన అరచేతులు చూసుకున్నారు. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు ఆయన పంచె మీద నాణేల్లా కదిలింది. నా వైపు చూడకుండానే అన్నారు.

"నాకు రుచి తెలియడం లేదమ్మడూ."

"తెలుసండి."

"ఊళ్ళోవాళ్ళకి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "తెలుసండి."

"తెలిసీ రోజూ వచ్చి నిలబడుతున్నారా?"

"ఆయ్," అన్నాను.

ఆయన వెంటనే వెన్ను నిలబెట్టారు. "అయితే వట్టి మాట ఇవ్వకూడదు," అన్నారు. నేను లాంతరు లాంటి సూర్యుడు కొబ్బరి మొవ్వుల వెనక్కి దిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు.

పొద్దున మళ్ళీ అందరూ వచ్చారు. తడిసిన ముగ్గు మీద ఎండ పడుతోంది. నేను బద్ద ఇవ్వబోతే ఆయన వద్దని, కాయని సగానికి మాత్రం కోసి ఇమ్మన్నారు. ఈసారి నాలిక మీద పెట్టుకోలేదు. ముందు పళ్ళతో గట్టిగా కొరికారు. చిన్నప్పుడు చెరుకు చీల్చిన పళ్ళవి, ఒక్కటి కూడా ఊడలేదు. కొరికి, రసం పళ్ళ మధ్యన పట్టుకుని, పెదాలు కొద్దిగా తెరిచి నోటితో గాలి లోపలికి పీల్చారు.

ఆయన కుడి భుజం ఎగిరింది. కళ్ళు సన్నబడ్డాయి. దవడ పక్కన నరం తీగలా లేచింది.

ఆయన మింగలేదు. ముక్కని బుగ్గకి తోసి, నాలికతో అంగిటిని రుద్ది చూసుకున్నారు, గరుకుగా ఉందేమోనని. లేదు. నోరు పట్టెయ్యలేదు. వగరు ఉంటే నోరు పట్టేస్తుంది. అది రుచి కాదు, ఒంటికి తెలిసేది. ఇన్ని రోజులూ ఆయన పులుపుని నాలిక మీద వెతికారు. అది పళ్ళ దగ్గర, దవడ దగ్గర, ఎప్పటిలాగే వచ్చి పొడుస్తూనే ఉంది.

రెండోసారి కొరికారు. మళ్ళీ భుజం ఎగిరింది. ఇప్పుడు ఆయన మొహం విప్పారింది. నేను చిన్నప్పుడు తాతగారి మొహంలో చూసిన సంబరమే అది.

"పళ్ళు పులిసిపోయేయి," అన్నారు. "వగరు లేదు. నిండింది. కానివ్వండి."

ఎవరూ వెంటనే కదలలేదు. వాళ్ళు ఆయ్ అనడానికి సిద్ధంగా ఉన్నారు కానీ ఇటువంటి మాటకి సిద్ధంగా లేరు. ఎందుకంటే అది నిజమని అందరికీ తెలుసు. దింపు అతని భార్య ముందుకొచ్చి, ఆయన చేతిలో మిగిలిన సగం తీసుకుని కొరికింది. ముఖం ఒక వైపుకి పోయింది.

"ఓలమ్మో! బాబుగారూ, ఇది కాయా, సూదులపొట్లమాండి?"

"మా నాన్నగారు అదే అనేవారు," అన్నారు చిన్నాన్నగారు.

"నేను ఆయనగారి కన్నా తక్కువ తిన్నానా ఏంటండి పిందెలు!" అంది ఆవిడ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. వాకిలంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వులో ఆయన కూడా ఉన్నారు.

ఆ రోజు పగలంతా ఊళ్ళో కత్తిపీటల చప్పుడే. టెంక తెగేటప్పుడు వచ్చే ఠక్కుమనే చప్పుడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి జవాబు చెప్పినట్టు వినబడేది. నేను అరుగు మీద కాయలు తుడుస్తూ, మధ్యమధ్య కునుకుతూ ఉన్నాను. ఆ చప్పుడులో నాకు ఇప్పటిదేదో, యాభై ఏళ్ళ కిందటిదేదో తెలియలేదు. చిన్నాన్నగారు ప్రతి ముక్కకీ జీడి తీసి పక్కన పెడుతూ కూర్చున్నారు. సాయంత్రానికి మూడు జాడీలు నింపాం. తోట కొంటున్నతను వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆయన చేతులు కడుక్కుని ఒక చిన్న జాడీలో ఆవకాయ పెట్టించి ఇచ్చారు. అతను రెండు చేతులా అందుకున్నాడు.

వారం తిరక్కుండా అమలాపురంలో రిజిస్ట్రేషన్ అయింది. తోట మొత్తం, కాలవ వైపు కొబ్బరి వరసతో సహా, ముమ్మిడివరం అతనికి అమ్మేశాం. మామిడిచెట్టు మొద్దుని విడిగా కొత్తపేట సామిల్లు వాళ్ళు కొనుక్కున్నారు.